కారు ఊపిరి, కారు గొంతు

శనివారం ఉదయం. అమెరికాలోని ఒకానొక నగర శివారులో ఒక తెలుగువారి ఇల్లు. గరాజు తలుపు సగం ఎత్తి ఉంది. లోపల 1990 నాటి ఎర్రని మజ్దా మియాటా కారు. పదిహేడేళ్ళ కుర్రవాడు రెండు వేసవులు పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో కొనుక్కున్నది. వయసులో అతనికి రెట్టింపు. కారు పక్కన నాలుగు అట్టపెట్టెలు. ఒకదానిలో శంఖువు ఆకారంలో ఉన్న గాలి వడపోత. రెండవదానిలో మెలికలు తిరిగిన నాలుగు ఉక్కు గొట్టాలు. మూడవదానిలో కొత్త సైలెన్సర్. నాలుగవదానిలో ఏమీ లేదనిపించేంత సాదాగా, మూరెడు పొడవున్న ఉత్త గొట్టం.

“ఇవన్నీ బిగిస్తే ఇరవై హార్స్‌పవర్ పెరుగుతుంది నాన్నా. సౌండు కూడా అదిరిపోతుంది.”

“ఆ ఉత్త గొట్టం దేని బదులురా?”

“కెటలిటిక్ కన్వర్టర్ బదులు. అది పొగకి అడ్డం కదా.”

తండ్రి చేతిలోని కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. గరాజు పైనున్న గదిలో గుంటూరు నుంచి వచ్చిన అమ్మమ్మ ఇంకా నిద్ర లేవలేదు. ఆ గదికీ ఆ ఉత్త గొట్టానికీ ఉన్న సంబంధం కుర్రవాడికి తట్టలేదు, తండ్రికి తట్టింది.

ఇటువంటి సంభాషణ ఈ దేశంలోని తెలుగు ఇళ్ళకు కొత్త కాదు. పిల్లవాడి ఉత్సాహాన్ని ‘పిచ్చి వేషాలు’ అని కొట్టిపారేయడం సులభం. అతడు చెప్పినదానికల్లా తల ఊపడం అంతకంటె సులభం. ఈ రెండింటి నడుమ ఒక దారి ఉన్నది. ఆ నాలుగు పెట్టెలనూ వరుసగా విప్పి, దేనివల్ల ఏమి వస్తుందో, దేనివల్ల ఏమి పోతుందో లెక్క కట్టడమే ఆ దారి. ఆ లెక్కకు కావలసిన భౌతిక, రసాయన శాస్త్రాలు హైస్కూలు పాఠాలను మించినవి కావు.

ఇంజను పీల్చే గాలి

కారు ఇంజను ఇంధనంతో నడుస్తుందని అందరూ అంటారు. నిజానికి అది గాలితో నడుస్తుంది. ఒక కిలో పెట్రోలు సరిగ్గా కాలిపోవడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. పెట్రోలును ఎంత కావాలంటే అంత చిమ్మడం సులభం. దానికి సరిపడే గాలిని లోపలికి తేవడమే కష్టం. గాలిలో బరువు ప్రకారం 23 శాతమే ఆమ్లజని. మిగిలినదంతా దాదాపు నత్రజని. దహనంలో పాలుపంచుకోకుండా వేడెక్కి, వ్యాకోచించి, పిస్టన్‌ను తోయడానికి సాయపడి వెళ్ళిపోతుంది.

అమెరికాకు వచ్చిన తొలి మియాటా ఇంజను పరిమాణం 1.6 లీటర్లు, శక్తి 116 హార్స్‌పవర్. నాలుగు దశల ఇంజను కనుక ఇరుసు రెండు చుట్లు తిరిగితేగాని ప్రతి సిలిండరూ ఒకసారి గాలి పీల్చదు. అంటే చుట్టుకు 0.8 లీటరు. నిమిషానికి 6500 చుట్ల వేగంలో అది 5200 లీటర్లు. సెకనుకు దాదాపు 87 లీటర్లు, బరువులో సుమారు 100 గ్రాములు. ఆ గాలితో పాటు సెకనుకు ఏడెనిమిది గ్రాముల పెట్రోలు కాలుతుంది. అందులో పుట్టే వేడిలో నాలుగవ వంతు మాత్రమే చక్రాలను తిప్పే పనిగా మారుతుంది. మిగిలినది నీటి ద్వారా, లోహం ద్వారా, పొగ గొట్టం ద్వారా వృథాగా పోతుంది.

కనుక శక్తి పెరగాలంటే ప్రతి గుక్కలోనూ ఎక్కువ బరువున్న గాలి లోపలికి వెళ్ళాలి. కాలిన వాయువు పూర్తిగా, తేలికగా బయటికి పోవాలి. గాలి గొట్టాన్నీ పొగ గొట్టాన్నీ మార్చేవారి ఆశ అంతా ఈ రెండు వాక్యాల మీదనే ఆధారపడి ఉన్నది.

మొదటి పెట్టె: చల్లని గాలి, వేడి గాలి

కారుతో వచ్చిన గాలి పెట్టెను తీసివేసి, శంఖువు వంటి వడపోతను ఇంజను పక్కన బిగించడం ఔత్సాహికులు చేసే మొదటి పని. పెట్టె పోతే అడ్డంకి పోయింది కదా అనిపిస్తుంది. ఆ అడ్డంకి ఎంతటిదో కొలవడానికి ప్రయోగశాల అక్కరలేదు. పారదర్శకమైన సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని ‘యు’ ఆకారంలో వంచి, అందులో రంగు నీళ్ళు పోసి, ఒక కొసను వడపోతకు తరువాత, థ్రాటిల్ పలకకు ముందు ఉన్న గాలి గొట్టానికి తగిలిస్తే చాలు. ఇంజను గట్టిగా పీల్చినప్పుడు రెండు వైపులా నీటి మట్టాలలో ఎంత తేడా వస్తుందో చూడాలి. చూడవలసినది పక్క సీట్లో కూర్చున్నవారు; నడిపేవారు కాదు. గొట్టాన్ని పొరపాటున థ్రాటిల్ పలకకు తరువాత తగిలిస్తే అక్కడి శూన్యం చాలా బలమైనది కనుక నీరంతా ఇంజనులోకి పోతుంది. ఆ జాగ్రత్త తప్పనిసరి.

నీటి మట్టాలలో 10 సెంటీమీటర్ల తేడా వచ్చిందనుకుందాం. అది వాతావరణ పీడనంలో దాదాపు ఒక శాతం. అంటే వడపోతను, పెట్టెను మొత్తం ఊడబెరికి పారవేసినా దొరికే అదనపు గాలి ఒక శాతమే. 116 హార్స్‌పవర్‌లో అది ఇంచుమించు ఒక గుర్రం.

ఇప్పుడు రెండవ వైపు చూడాలి. వాయువు సాంద్రత పరమ ఉష్ణోగ్రతకు విలోమానుపాతంలో ఉంటుంది. గాలి మూడు సెల్సియస్ డిగ్రీలు వేడెక్కితే దాని సాంద్రత సుమారు ఒక శాతం తగ్గుతుంది. బయట 20 డిగ్రీలున్న గాలిని వదలి, ఇంజను పక్కన కాగిన 50 డిగ్రీల గాలిని పీలిస్తే తొమ్మిది శాతం నష్టం. ఒక చేత్తో ఒక రూపాయి తీసుకొని, రెండవ చేత్తో తొమ్మిది రూపాయలు పోగొట్టుకున్నట్లు! వేడి గాలివల్ల కాలవలసిన మిశ్రమం ముందుగానే పేలి, ఇంజను ‘నాక్’ చేసే ప్రమాదం కూడా పెరుగుతుంది.

వడపోత ఎటువంటిదన్నది కాదు, గాలి ఎక్కడి నుంచి వస్తున్నదన్నదే అసలు ప్రశ్న. కారు ముందు భాగం నుంచి, రేడియేటరు వేడి తగలని చోటు నుంచి గాలిని తెచ్చే మార్పుకు అర్థం ఉన్నది. ఇంజను పక్కన నగ్నంగా వేలాడే శంఖువుకు ఉన్నది శబ్దమే. పాత గాలి పెట్టె చేసే ముఖ్యమైన పనులలో ఇంజను పీల్చే చప్పుడును మింగడం ఒకటి; అది పోగానే ‘గుర్రు’మనే ధ్వని లోపలికి వినబడుతుంది. చెవికి వేగం పెరిగినట్లు తోస్తుంది. గడియారం మాత్రం ఒప్పుకోదు.

రెండవ పెట్టె: గొట్టంలో నడిచే తరంగాలు

ఇంజనులోకి గాలి ఏటి నీరులా నిలకడగా ప్రవహించదు. కవాటం తెరుచుకున్నప్పుడల్లా ఒక కుదుపు, మూసుకున్నప్పుడల్లా ఇంకొకటి. ప్రతి కుదుపూ గొట్టం వెంట ధ్వని వేగంతో ప్రయాణించే తరంగం. గొట్టం తెరిచి ఉన్న కొసను చేరగానే ఆ తరంగం తల్లకిందులై వెనక్కి వస్తుంది: పీడనం పెంచే సంపీడన తరంగం పీడనం తగ్గించే విరళీకరణ తరంగంగా, విరళీకరణం సంపీడనంగా. పిల్లనగ్రోవిలో స్వరం పుట్టేది ఈ సూత్రం మీదనే.

ఇంజను రూపశిల్పులు ఈ తరంగాలను పనిలో పెట్టారు. పీల్చే గొట్టం పొడవు సరిగ్గా ఉంటే, తిరిగివచ్చిన సంపీడన తరంగం కవాటం మూసుకోబోయే క్షణానికి అక్కడికి చేరి, ఇంకాస్త గాలిని లోపలికి నెడుతుంది. 1960లో వచ్చిన క్రైస్లర్ 300ఎఫ్ కారులో ఇందుకోసమే 30 అంగుళాల పొడవైన గొట్టాలను ఇంజను మీదుగా అడ్డంగా పరచారు. పొగ వైపు ఇందుకు భిన్నం. కాలిన వాయువు విసురుగా బయటికి రాగానే ఒక సంపీడన తరంగం బయలుదేరుతుంది. నాలుగు గొట్టాలు కలిసే కూడలి దగ్గర అది విరళీకరణంగా మారి వెనక్కి వస్తుంది. రెండు కవాటాలూ కాస్త తెరచి ఉండే క్షణానికి అది చేరితే, సిలిండరులో మిగిలిపోయిన పొగను బయటికి లాగి, కొత్త గాలికి చోటు చేస్తుంది. ‘హెడర్’ అని పిలిచే సమాన పొడవు గొట్టాల రహస్యం ఇదే.

చిక్కు కాలంలో ఉన్నది. సుమారు 600 డిగ్రీల వేడి పొగలో ధ్వని వేగం సెకనుకు 600 మీటర్లకు దగ్గరగా ఉంటుంది. గొట్టం పొడవు 80 సెంటీమీటర్లు అనుకుంటే పోయిరావడానికి తరంగానికి సెకనులో వెయ్యోవంతులు రెండున్నరకు పైగా, మూడుకు లోపుగా పడుతుంది. ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరుగుతుంటే ఆ లోగా ఇరుసు దాదాపు 96 డిగ్రీలు తిరుగుతుంది. 3000 చుట్ల దగ్గర 48 డిగ్రీలే. గొట్టం మారలేదు, తరంగం మారలేదు. అది తిరిగివచ్చేసరికి కవాటాల స్థితి మారిపోయింది. కనుక ఏ గొట్టమైనా ఏదో ఒక వేగానికే శ్రుతి అవుతుంది. పై వేగాల్లో శక్తి ఇచ్చే గొట్టం, ఊళ్ళో బండి నడిచే వేగాల్లో ఆ మేరకు తీసుకోవచ్చు.

‘ఇంజనుకు కాస్త వెనుక పీడనం ఉండాలి’ అన్న నానుడి మెకానిక్కుల నోట తరచు వినబడుతుంది. అది సగం నిజం. ఏ ఇంజనూ పొగకు అడ్డంకిని కోరుకోదు. కోరుకునేది పొగ వేగాన్ని, తరంగం సకాలంలో రావడాన్ని. మితిమీరిన వెడల్పు గొట్టం పెడితే పొగ వేగం మందగించి, తరంగాల సాయం చెదిరిపోయి, కింది వేగాల్లో లాగుడు తగ్గుతుంది. దానిని చూసినవారు వెనుక పీడనం పోయినందువల్లనే ఇలా అయిందని పొరబడ్డారు.

మియాటా విషయంలో ఇంకొక మాట. మజ్దా ఇంజనీర్లు మొదటి నుంచీ ఆ కారుకు పోత ఇనుముకు బదులు స్టెయిన్‌లెస్ ఉక్కు గొట్టాలనే అమర్చారు. బాగా వండిన పులుసులో మళ్ళీ చింతపండు పిసికినంత మాత్రాన రుచి పెరగదు. రెండవ పెట్టెలోని వస్తువుకు పెట్టిన ఖరీదు ఎక్కువ, రాబడి తక్కువ. బిగింపు సరిగా లేకపోతే నష్టం కూడా. ఆమ్లజని కొలిచే సెన్సారుకు ముందు చిన్న చీలిక ఉన్నా బయటి గాలి అందులోకి చొరబడుతుంది. ‘ఆమ్లజని ఎక్కువైంది, ఇంధనం చాలడం లేదు’ అని సెన్సారు భ్రమపడుతుంది. కంప్యూటరు అక్కరలేని పెట్రోలు చిమ్ముతుంది. మైలేజీ పడిపోతుంది, ఆ అదనపు ఇంధనం ఉత్ప్రేరకంలో మండి దానిని కరిగించవచ్చు.

నాలుగవ పెట్టె: ఉత్త గొట్టం తీసివేసేది దేనిని?

మూడవ పెట్టెను కాసేపు పక్కన పెట్టి నాలుగవదానిని చూడాలి. కుర్రవాడు ‘అడ్డం’ అన్న ఉత్ప్రేరకపు డబ్బాలో తేనెపట్టు వంటి పింగాణీ దిమ్మె ఒకటి ఉంటుంది. అందులో చదరపు అంగుళానికి వందలకొద్దీ సన్నని దారులు. 400 అన్నది చాలాకాలంగా వాడుకలో ఉన్న సంఖ్య. ఆ దారుల గోడలకు అల్యూమినా పూత. కంటికి పలుచని పొరే గాని, ఆ పొరలోని సూక్ష్మ రంధ్రాలను లెక్కలోకి తీసుకుంటే ఒక్క గ్రాము అల్యూమినా ఉపరితలం వంద చదరపు మీటర్లను దాటుతుంది. దాని మీద ప్లాటినం, పెల్లేడియం, రోడియం అనే విలువైన లోహాలు అతి చిన్న కణాలుగా చల్లి ఉంటాయి. ఔన్సు రోడియం ధర 2021లో ఇరవై వేల డాలర్లు దాటింది. రాత్రివేళ కార్ల కింద దూరి దొంగలు కోసుకుపోయినది ఈ డబ్బాలనే.

ఇంజనులో దహనం ఎన్నడూ పరిపూర్ణం కాదు. సగం కాలిన కర్బనం కార్బన్ మోనాక్సైడుగా, అసలు కాలని ఇంధనం హైడ్రోకార్బన్లుగా బయటికి వస్తాయి. మామూలుగా దేనితోనూ కలవని నత్రజని సైతం సిలిండరులోని విపరీతమైన వేడికి ఆమ్లజనితో కలిసి నైట్రిక్ ఆక్సైడుగా మారుతుంది. మొదటి రెండింటికీ ఆమ్లజనిని ఇవ్వాలి. మూడవదాని నుంచి ఆమ్లజనిని ఊడదీయాలి. ఒకే డబ్బాలో ఈ రెండు పరస్పర విరుద్ధమైన పనులూ జరగడం రసాయన శాస్త్రం సాధించిన గొప్ప విజయాలలో ఒకటి. ఒకడి అప్పు మరొకడి రాబడితో తీర్చినట్లు, నైట్రిక్ ఆక్సైడులోని ఆమ్లజని మోనాక్సైడుకు చేరుతుంది. హాని చేసే రెండు వాయువులు పోయి నత్రజని, కార్బన్ డయాక్సైడు మిగులుతాయి.

ఇది జరగాలంటే గాలికీ ఇంధనానికీ నిష్పత్తి 14.7 చుట్టూ అతి సన్నని హద్దులో నిలవాలి. ఆ కాపలా పని చేసేదే పొగ గొట్టంలోని ఆమ్లజని సెన్సారు. 1976లో కాలిఫోర్నియాకు పంపిన వోల్వో కార్లలో తొలిసారి వచ్చింది. నిష్పత్తి క్షణక్షణం అటూ ఇటూ ఊగినప్పుడు, పూతలో కలిపిన సీరియం ఆక్సైడు మిగులు ఆమ్లజనిని దాచుకొని, కొరత వచ్చినప్పుడు అప్పు ఇస్తుంది. మంచి గృహిణి చేతిలోని పోపుల డబ్బా చిల్లరను పోలినది ఈ సీరియం.

అనాసపండు వాసన నుంచి నగరపు పొగ దాకా

ఈ డబ్బా కార్ల కిందికి ఎందుకు వచ్చిందో పిల్లలకు చెప్పదగిన కథ. 1943 జులైలో లాస్ ఏంజిలస్ నగరాన్ని కళ్ళు మండించే పొగ కప్పింది. అది యుద్ధకాలం, ఏదో కర్మాగారం వల్ల వచ్చిందని కొందరు అనుకున్నారు. కర్మాగారాలను కట్టడి చేసినా పొగ పోలేదు. హాలండు నుంచి వచ్చి కాల్టెక్‌లో పనిచేస్తున్న ఆరీ హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అప్పట్లో అనాసపండు పరిమళానికి కారణమైన పదార్థాలను వేరుచేసే పనిలో ఉన్నాడు. గాలిలోని అతిసూక్ష్మ పదార్థాలను పట్టే అదే నేర్పును ఆయన నగరపు గాలికి అన్వయించాడు. కాలని హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడులు ఎండలో కలిసి ఓజోనును పుట్టిస్తున్నాయని 1950ల తొలి సంవత్సరాల్లో ఆయన చూపించాడు. నేరస్థుడు మరెవరో కాదు, ప్రతి ఇంటి ముందూ నిలిచి ఉన్న కారే!

అమెరికా కాంగ్రెసు 1970లో చేసిన స్వచ్ఛవాయు చట్టం కార్ల నుంచి వచ్చే విష వాయువులను తొంభై శాతం తగ్గించాలన్నది. 1975 నమూనా కార్ల నుంచి ఉత్ప్రేరకపు డబ్బా వాడుకలోకి వచ్చింది. సీసం తగిలితే ఆ లోహాలు నిర్వీర్యం అవుతాయి కనుక సీసం లేని పెట్రోలు కూడా దానితోపాటే వచ్చింది. పసిపిల్లల మెదడుకు హాని చేసే సీసం రోడ్ల మీది గాలిలోంచి తొలగిపోవడానికి ఈ డబ్బా ఈ విధంగా కారణమైంది. ఉత్త గొట్టం బిగించడమంటే అర్ధశతాబ్దపు కృషిని ఒక స్పానరుతో విప్పివేయడం. అంత చేసినా ఆ కారుకు దొరికేది మూడు నాలుగు గుర్రాలకు మించదు. డబ్బా ఆరోగ్యంగా ఉంటే అదీ అనుమానమే.

మూడవ పెట్టె: శ్రుతి, తాళం

మిగిలినది సైలెన్సర్. సౌండు కోసం ఆరాటపడటం తప్పు కాదు. ఇంజనుకు స్వరం ఉన్నది, దానికి గణితం కూడా ఉన్నది. నాలుగు సిలిండర్ల ఇంజను చుట్టుకు రెండుసార్లు పేలుతుంది. నిమిషానికి 3000 చుట్లంటే సెకనుకు 50. కనుక మూలస్వరం 100 హెర్ట్జ్. వేగం 6500 దాటితే 217 హెర్ట్జ్. లెక్సస్ ఎల్ఎఫ్ఏ కారులోని పది సిలిండర్ల ఇంజను 9000 చుట్ల దగ్గర 750 హెర్ట్జ్‌తో పాడుతుంది. ఆ కారు గాలి గొట్టాల ధ్వనిని తీర్చడంలో సంగీత వాద్యాలు చేసే యమహా సంస్థకు చెందిన నిపుణులు పాలుపంచుకున్నారు.

అమెరికన్ వి-8 ఇంజను గుబగుబలాడడానికి కారణం శ్రుతి కాదు, తాళం. ఇరుసు రెండు చుట్లు తిరిగే లోగా ఎనిమిది పేలుళ్ళు సమాన వ్యవధిలో జరుగుతాయి. ఆది తాళంలో ఎనిమిది అక్షరాల వలె. అయితే ఎడమ వరుసలోని నాలుగు సిలిండర్లు 1, 3, 4, 6 అక్షరాల దగ్గర, కుడి వరుసలోనివి 2, 5, 7, 8 దగ్గర పేలుతాయి. ఒక్కొక్క వైపు గొట్టంలో వినబడేది 2, 1, 2, 3 చొప్పున ఎగుడుదిగుడు నడక. ఫెరారీ వి-8 ఇంజనులో ఇరుసు అమరిక వేరు. ఎడమ, కుడి ఒకటి విడిచి ఒకటి పేలుతాయి. నడక సమం కావడంతో గుబగుబ పోయి కేక వస్తుంది. పాత సుబారు కార్ల ప్రత్యేక ధ్వనికి కూడా అసమానమైన గొట్టాల పొడవే కారణం.

సైలెన్సర్లు ముఖ్యంగా రెండు జాతులు. ఒకదానిలో గదులు, అడ్డుగోడలు ఉంటాయి. తరంగాలు ఒకదానికొకటి ఎదురై చల్లారుతాయి. రెండవదానిలో చిల్లుల గొట్టం సూటిగా పోతుంది. దాని చుట్టూ కూరిన గాజు నూలు పై స్వరాలను పీల్చుకుంటుంది. సూటి గొట్టంలో అడ్డంకి తక్కువ, కింది స్వరాలు ఎక్కువ. దూరప్రయాణంలో ఒకే వేగంతో గంటలకొద్దీ పోతున్నప్పుడు తలనొప్పి తెచ్చే ‘గుమ్మ్’ అనే హోరు ఇక్కడి నుంచే వస్తుంది. దానికి మందు అనునాదంలోనే ఉన్నది. ఒక కొస మూసిన పక్క గొట్టాన్ని తరంగదైర్ఘ్యంలో నాలుగవ వంతు పొడవున అతికిస్తే, లోపలికి పోయి తిరిగివచ్చిన తరంగం సరిగ్గా వ్యతిరేక దశలో కలిసి ఆ ఒక్క స్వరాన్ని చంపుతుంది. 300 డిగ్రీల పొగలో ధ్వని వేగం సుమారు 480 మీటర్లు. 100 హెర్ట్జ్‌కు కావలసిన పొడవు 1.2 మీటర్లు. చిన్న కారు కింద అంత చోటు దొరకకపోతే ఘటం వంటి కడుపు, సన్నని మెడ ఉన్న డబ్బా అదే పని చేస్తుంది. సీసా మూతి మీద ఊదినప్పుడు పలికే స్వరమే అక్కడ మింగే స్వరం. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ పేరు మీద దానిని పిలుస్తారు.

పొరుగువారి చెవి

స్వరం ఎంత బాగున్నా కచేరీకి వేళ ఉన్నది. కాలిఫోర్నియా చట్టం మామూలు కార్ల పొగ గొట్టం ధ్వనిని 95 డెసిబెళ్ళకు పరిమితం చేసింది. డెసిబెల్ లెక్క కూడిక వంటిది కాదు. మూడు పెరిగితే ధ్వని శక్తి రెట్టింపు. రోజుకు ఎనిమిది గంటల పాటు 85 డెసిబెళ్ళను చెవి ఓర్చుకోగలదనుకుంటే, 88 దగ్గర నాలుగు గంటలు, 94 దగ్గర ఒక్క గంటే. ఫోర్డ్ కంపెనీ 2018 మస్టాంగ్ కారులో తెల్లవారుజామున నిశ్శబ్దంగా స్టార్టయ్యే ఏర్పాటు చేసి, దానికి ‘మంచి పొరుగువాడు’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టింది. సైలెన్సర్ పీకిన బుల్లెట్ మోటారుసైకిలు మన ఊళ్ళలో అర్ధరాత్రి వీధిలో పోతే ఎంతమంది పసివాళ్ళు ఉలిక్కిపడి లేస్తారో ఈ తరం తల్లిదండ్రులు మరచిపోలేదు.

ఉత్ప్రేరకం సంగతి ఇంకా స్పష్టం. 1990లో సవరించిన స్వచ్ఛవాయు చట్టం ప్రకారం రోడ్డు మీద తిరిగే కారు నుంచి దానిని తొలగించరాదన్న నిషేధం వర్క్‌షాపులకే కాదు, సొంత గరాజులో విప్పే వ్యక్తికి కూడా వర్తిస్తుంది. కాలిఫోర్నియాలో ఇంజను గాలిని గాని, పొగ శుద్ధిని గాని తాకే విడిభాగానికి వాయువనరుల బోర్డు ఇచ్చిన అనుమతి సంఖ్య ఉండాలి. కొనే ముందు ఆ సంఖ్య కోసం వెదకడం తెలివైన పని.

గరాజు పైన గది

తండ్రికి ముందుగా తట్టినది చట్టం కాదు. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్ దానిని ఆమ్లజని కంటె రెండు వందల రెట్లకు పైగా ఆప్యాయంగా పట్టుకుంటుంది. పట్టుకున్నదానిని త్వరగా విడిచిపెట్టదు. తలనొప్పి, మగత, వాంతి వస్తున్నట్లు ఉండడం - జలుబు జ్వరమనుకొని పడుకున్నవారు లేవరు. కొత్త సైలెన్సర్ బిగించి, ‘ఒక్కసారి విందాం’ అని సగం ఎత్తిన తలుపు వెనుక ఇంజనును నడిపితే ఆ వాయువు పైగదిలోకి మెట్ల సందుల నుంచి, తీగల కన్నాల నుంచి ఎక్కుతుంది. ఉత్ప్రేరకం ఉంటే భయం లేదా? ఉన్నది. దాదాపు 250, 300 డిగ్రీలకు వేడెక్కే దాకా ఆ లోహాలు పనిచేయవు. చల్లగా ఉన్న ఇంజనును స్టార్టు చేసిన తొలి నిమిషాల్లో మంచి కారు కూడా విషమే కక్కుతుంది. ఉత్ప్రేరకం లేని కారయితే ఎప్పటికీ అంతే. ఇంజనును ఆరుబయటనే నడపాలి. పడకగదుల దగ్గర మోనాక్సైడును పసిగట్టే అలారం ఉండాలి. ఈ రెండు నియమాలకూ మినహాయింపు లేదు.

ఆ శనివారం మధ్యాహ్నానికి తండ్రీకొడుకులు కారును వాకిట్లోకి తోసుకొచ్చారు. యు-గొట్టంలో నింపడానికి వంటింట్లోంచి మిఠాయి రంగు వచ్చింది. కొలిచి చూశాక శంఖువు పెట్టెలోకి వెళ్ళిపోయింది. పాత గాలి పెట్టెలో కొత్త కాగితపు వడపోత చేరింది. మెలికల గొట్టాలు, ఉత్త గొట్టం అమ్మినవారికే తిరిగి వెళ్ళాయి. ఉత్ప్రేరకానికి తరువాత బిగించే సైలెన్సర్ ఒక్కటే మిగిలింది. దానిని కుర్రవాడే తన చేతులతో బిగించాడు. స్టార్టు చేసినప్పుడు వాకిట్లో కుర్చీ వేసుకొని కూర్చున్న అమ్మమ్మ, “బాగుందిరా, గొంతు గట్టిదే. పొద్దున్నే మాత్రం లేపకు” అన్నది.

ఇరవై గుర్రాలు పెరగలేదు. ఒక్కటి పెరిగిందేమో. తరంగం ఎలా నడుస్తుందో, రోడియం ఏ పని చేస్తుందో, ఏది కొలిచి నమ్మాలో ఆ కుర్రవాడికి తెలిసింది. పదిహేడేళ్ళ వయసులో ఒక పాత కారు ఇంతకంటె ఎక్కువ ఇవ్వనక్కరలేదు.